బోర్లించిన గ్లాసు

మా అమ్మాయి ఇంటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే నేను ఏ ఆసుపత్రికి ముందు వెళ్ళాలా అని ఆలోచించడం మొదలుపెడతాను. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వస్తాను. వానొస్తే గోడ కూలుతుందేమో, ఎండొస్తే వైర్లు కాలిపోతాయేమో. "నువ్వు భయపడనిది ఏదైనా ఉంటే చెప్పమ్మా, దానికి దండేసి దండం పెడదాం" అంటుంది అది. నేను చెప్పే మాటల్లో సగం కొట్టేసి మిగతా సగమే వినడం దానికి అలవాటు. ఈ సంగతి ముందే చెప్పుకోకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

దాని ఉద్యోగం ఊరు చూడడానికి వచ్చిన వాళ్ళకి మందు రుచి చూపించడం. నలుగురిలో ఎవరైనా అడిగితే నేను "టూరిస్టు గైడు" అని అక్కడితో ఆపేసేదాన్ని. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది మందిని వెంటేసుకుని పాత వీధుల్లో నడిపిస్తుంది. ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సుగా ఉన్న గదిలో ఇప్పుడు మూడు రాగి గంగాళాలు పెట్టి బీరు కాచే చోటు ఒకటి. అక్కడినుంచి ఒక పెరట్లో రేకుల షెడ్డు, పళ్ళరసం పులియబెట్టి సారా దించే బట్టీ. చివరికి పొడుగు బల్ల ఉన్న గది. అక్కడ కూర్చోబెట్టి చుట్టుపక్కల చిన్న చిన్న వాళ్ళు తయారుచేసినవి ఐదారు రకాలు గుక్కెడు గుక్కెడు పోస్తుంది. ఏ గింజతో చేశారు, ఏ పండు, ఎన్నాళ్ళు పీపాలో ఉంచారు అని కథలాగా చెబుతుంది. మాటకారి. ఆ విషయంలో వాళ్ళ నాన్న పోలిక.

ఆ బల్ల దగ్గర ఒక నియమం ఉంది. ఏ సీసా అయినా సరే, ముందు గైడు ఒక చుక్క పోసుకుని వాసన చూసి నోట్లో వేసుకోవాలి. బాగుంటే అందరికీ పోస్తుంది. ఏ మాత్రం తేడా అనిపించినా మాట్లాడకుండా గ్లాసు పళ్ళెంలో బోర్లిస్తుంది. ఇక ఆ సీసా వెనక్కి పోవాల్సిందే. తయారుచేసినవాడు ఎదురుగా ఉన్నా సరే, వాదన లేదు. వచ్చినవాళ్ళకి మందుకన్నా ఈ తతంగమే నచ్చేది, ఫోటోలు తీసుకునేవారు. మా అమ్మాయి గ్లాసు బోర్లించింది ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. బోర్లించిన ప్రతిసారీ అదే నిజమని తేలింది. ఆ నమ్మకం మీదే వాళ్ళ కంపెనీ నడిచేది.

పోయిన వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. పది రోజుల్లో జ్వరం పోయింది గానీ వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే, అది పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటోంది. అప్పుడు తెలిసింది మాకు. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు డాక్టరు. నాలుకకి తీపి, పులుపు, చేదు, మంట తెలుస్తాయి, అంతే. "ముక్కు లేని గైడుని ఎవరు పెట్టుకుంటారమ్మా" అంది. యజమానురాలికి చెప్పేస్తానంది కూడా. చెప్పొద్దన్నది నేనే. ఉద్యోగం పోతే అనే భయం నాది.

ఇక నా ముక్కు సంగతి. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఫలానా పని బాగా చేస్తుంది అని నన్నెవరూ అనలేదు. కానీ ఇరవై రెండేళ్ళు మా ఆయనకి తలుపు తీశాను. గడప దాటకముందే తెలిసిపోయేది, ఏం తాగాడో, ఎంత తాగాడో, ఇవాళ ఏడుస్తాడో చెయ్యి చేసుకుంటాడో. నా ముక్కు కాలేజీ చదువు అంతా ఆ గడప దగ్గరే. అది తెలిసిన నా కూతురు, ఆ రుచి చూసే గదిలో గ్లాసులు కడిగే పని నాకు ఇప్పించింది. "ఇంత చదువు చదివి ఇంట్లో కూర్చుంటే ఎలా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అయినా వెళ్ళాను.

సీసాలు తెరిచేది వెనక నేనుండే చిన్న గదిలో, తొట్టి పక్కన. తెరవగానే మూతి దగ్గర వాసన చూసి పళ్ళెంలో పెట్టేదాన్ని. బాగుంటే చీటీ అతికించిన వైపు దానికి కనబడేట్టు, బాగాలేకపోతే చీటీ గోడవైపు. అంతే మా ఒప్పందం. అది పళ్ళెం తీసుకెళ్ళి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని, వాసన తెలిసిన రోజుల్లో నేర్చుకున్న మాటలే చెప్పేది. ఎండిన నారింజ తొక్క, కాస్త పొగ, చివర్లో లవంగం అని. అందరూ నిజమే నిజమే అన్నట్టు తలూపేవారు.

చిక్కంతా నా భయంతోనే వచ్చింది. మొదటి నెలలో ఏడు సీసాల చీటీలు గోడవైపు తిప్పాను. ఒకటి నిజంగానే తడి గోనెసంచి వాసన కొట్టింది. మిగతా ఆరింటిలో ఏమీ లేదు. ఎక్కడినుంచో వచ్చిన ఎవరి పిల్లలో మన చేతిమీదుగా తాగి ఏదైనా అయితే అనిపించేది, చెయ్యి దానంతట అదే తిప్పేసేది. యజమానురాలు ఆ ఏడూ పరీక్షకి పంపింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. ఒంట్లో బాగానే ఉంటోందా అని మా అమ్మాయిని అడిగిందట.

ఆ రోజు ఇంటికొచ్చాక అది నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, వాసన వస్తే చెప్పు. భయం వస్తే చెప్పకు. రెండూ ఒకటి కాదు. ఇంకొక్క మంచి సీసా తిప్పావంటే నా పని అయిపోయినట్టే."

సరేనన్నాను. అప్పటినుంచి భయాన్ని నొక్కిపట్టడం నేర్చుకున్నాను. తేడాగా అనిపిస్తే మనసులో పది లెక్కపెట్టేదాన్ని. ఇది సీసాలో ఉందా, నా కడుపులో ఉందా అని అడుక్కునేదాన్ని. రెండు నెలల్లో ఒక్క సీసానే తిప్పాను, అది నిజంగా చెడిపోయింది. మా అమ్మాయి సంతోషపడి, తడి నేలమీద జారకుండా ఉండే చెప్పులు కొనిచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేనూ ఒక పనికి పనికొచ్చాననిపించింది.

బట్టీ నడిపేవాడిని అందరూ గరాటు మామ అంటారు. నడుముకి ఎప్పుడూ ఒక రాగి గరాటు వేలాడుతూ ఉంటుంది, భోంచేసేటప్పుడు కూడా తియ్యడు. మంచివాడు. ఆయన కొత్తగా దించిన బేరిపండు సారా మొదటిసారి బల్ల మీదికి వచ్చిన రోజు అది. ఆ పొద్దున పక్కింట్లో ఏదో మాడుతుంటే నేనే వెళ్ళి తలుపు కొట్టి స్టవ్ ఆర్పించి వచ్చాను. ముక్కు అంత బాగా ఉంది.

సీసా తెరిచాను. ముందు బేరిపండు. దాని వెనకనుంచి మెల్లగా ఇంకొకటి. గోళ్ళ రంగు తుడిచే మందులాంటిది, పెయింటు పలచన చేసే నూనెలాంటిది. ఆ వాసన అంతకుముందు నాకు ఒక్కసారే ఎదురైంది.

మా ఆయన ఆఖరిసారి తాగి వచ్చింది పట్టపగలు. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, స్కూల్లో పరీక్ష రాస్తోంది. తలుపు తీశాను. రోజూ వచ్చే వాసన కింద ఈ పెయింటు వాసన ఉంది. పడుకోకు, పద డాక్టరు దగ్గరికి పోదాం అని నోటిదాకా వచ్చింది. కానీ ముందురోజే వాళ్ళ అన్నదమ్ముల ఎదుట "నా మూతి వాసన చూడడం మానెయ్, నీకు భయం తప్ప ఇంకేం తెలుసు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. నోరు మూసుకుని మంచినీళ్ళిచ్చి పక్క వేశాను. మర్నాడు పొద్దున లేచి లైటు వెయ్యమన్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన మొహం మీదే పడుతోంది. మూడో రోజు పోయాడు, కల్తీ సారా అన్నారు. అడిగినవాళ్ళందరికీ, నేను స్నానాల గదిలో ఉన్నాను, ఆయనే వచ్చి పడుకున్నాడు, దగ్గరికి కూడా వెళ్ళలేదు అని చెప్పాను. నా కూతురికి కూడా అదే చెప్పాను.

తొట్టి దగ్గర నిలబడి పది లెక్కపెట్టాను. ఆ వాసన నాకు పదేళ్ళుగా ఎక్కడ పడితే అక్కడ వస్తూనే ఉంది. గోడలకి రంగులేసేవాళ్ళ నిచ్చెన కనబడితే వస్తుంది, బస్సులో పక్కపిల్ల గోళ్ళు చూస్తే వస్తుంది. ఇదీ అంతేనేమో, సీసాలో కాదేమో, నాలోనే ఉందేమో. మళ్ళీ పది లెక్కపెట్టాను. మా అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి "అయిందా?" అంది.

"ఆఁ" అన్నాను. చీటీ దానివైపే ఉంది.

మధ్యలో చిన్న కిటికీ ఉంది, అందులోంచి చూస్తూ నిలబడ్డాను. అది చుక్క పోసుకుంది, వాసన చూసింది, కళ్ళు మూసుకుంది, నోట్లో వేసుకుంది. బాగా పండిన బేరిపండు, తేనె, చివర్లో బాదం అంది. ఎనిమిది గ్లాసుల్లో పోసింది. నలుగురు తాగేశారు కూడా. ఐదో ఆయన చెవికి మిషను పెట్టుకున్న పెద్దాయన, దారి పొడుగునా ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. గ్లాసు ముక్కుదాకా తెచ్చి ఆగాడు. గ్లాసుకేసి కాదు, మా అమ్మాయికేసి చూశాడు. తరవాత ఆ నిండు గ్లాసుని అలాగే బల్ల మీద బోర్లించాడు. సారా చుట్టూ పారింది.

"ఇంకొకసారి వాసన చూడమ్మా" అన్నాడు.

అది చూసింది.

"ఏం తెలుస్తోంది?"

నా కూతురు వెనక కిటికీ వైపు తిరిగి నా మొహంలోకి చూసింది. ఆ చూపుతోనే ఆయనకి అర్థమైపోయింది. నలభై ఏళ్ళు బట్టీలు నడిపి మానేసిన మనిషట.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరికి తలనొప్పి వచ్చింది. మర్నాడు సాయంత్రం దాకా ఆ ఎనిమిది మందీ బతికే ఉన్నారా అని హోటలుకి మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాను. బట్టీలో మొట్టమొదట కారేది విషంతో సమానమట, దాన్ని ఒంపేసి, ఆ తరవాత వచ్చేదే పట్టుకోవాలట. గరాటు మామ ఆ రోజు ఒంట్లో బాగాలేక కింద కుండ మార్చడం మరిచిపోయాడు. మా ఇంటికొచ్చి నా వల్లే అయిందని తల దించుకుని కూర్చున్నాడు. ఆయనకి మంచినీళ్ళిచ్చాను.

యజమానురాలు మా అమ్మాయిని మానిపించింది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "సీసా చెడిపోతే ఒంపేస్తాను. నువ్వు దాచావు. నిన్నేం చెయ్యను?" అందట. నన్ను రావద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద ఉద్యోగం కాదు నాది. ఆ చెప్పులు తొట్టి దగ్గరే ఉండిపోయాయి.

నాలుగు రోజులు అది నన్ను ఒక్క మాట అనలేదు. జలుబు చేసిందే, అందుకే తెలియలేదు అని చెప్పాను. నమ్మింది. నమ్మడమే కాదు, నీమీద మరీ బరువు పెట్టానమ్మా, తప్పు నాది అంది. తిట్టినా బాగుండేది.

ఐదో రోజు పొద్దున బల్ల మీద రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాన్లో ఆ రోజు పాడైన సారా, ఇంకొకదాన్లో మంచిది. గరాటు మామ దగ్గర అడిగి తెచ్చిందట. దాని మొహం చాలా రోజులకి కళగా ఉంది.

"జలుబు తగ్గిందిగా, చూసి చెప్పు. నీ ముక్కు సరిగ్గా ఉంటే ఇంకోచోట ఏమీ దాచకుండా అడుగుతాను. మాట్లాడేది నేను, వాసన చూసేది మా అమ్మ అని. కావలిస్తే ఇద్దరినీ పెట్టుకుంటారు, లేకపోతే లేదు."

నేను ఇంకా కుర్చీ లాక్కోలేదు. బల్లకి ఇవతల ఉన్నాను, గ్లాసులు అవతల దాని ముందున్నాయి. కుడివైపు దాన్నుంచి ఆ వాసన వచ్చి నా మీద పడింది. ఎప్పుడు చెయ్యి చాచానో నాకే తెలియదు. ఆ గ్లాసు బోర్లించేసి ఉన్నాను.

అది నవ్వబోయి ఆగిపోయింది.

"ముక్కు దగ్గరికి తేనే లేదు" అంది.

బోర్లించిన గ్లాసు మీదినుంచి చెయ్యి తీశాను.

"ఇంత దూరాన్నుంచి తెలిసింది. ఆ రోజు పొద్దున పక్కింటి తలుపు కొట్టింది కూడా నువ్వే. నీకు జలుబు లేదు."

"వాసనో భయమో తెలియలేదే. భయం వస్తే చెప్పకు అన్నది నువ్వే కదా."

"ఇంత గట్టిగా వస్తుంటే ఎందుకు తెలియలేదు?"

"ఇదే వాసన నాకు ఎప్పుడూ..." అని ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సింది. ఏదో ఒకటి చెప్పేసి ఉండాల్సింది.

అది నాకేసి చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పితే మొదటినుంచి చేసుకొచ్చేది, అలా ఉంది దాని మొహం. సారా బల్ల మీద పారుకుంటూ వచ్చి నా వేళ్ళకి తగిలింది. చల్లగా ఉంది.

"ఆ రోజు నాన్నకి తలుపు తీసిందెవరు?" అంది.

"నేనే" అన్నాను.

అది వంగి, తడిసిన బల్లకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. దానికేమీ తెలియలేదు. లేచి, రెండో గ్లాసు తీసుకుంది.

"అది మంచిదే" అన్నాను.

వినిపించుకోలేదు. దాన్నీ బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.