చెంబులో కలిసిన మందు

కురవి పుష్పమ్మకు ఎవరి మీదా నమ్మకం కుదరదు. పాలవాడు కొలిచి పోసినా తన గ్లాసుతో మళ్లీ కొలుచుకునే మనిషి. అలాంటి మనిషికి మహబూబాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఫిట్స్‌కు వాడే మందు ఆటిజం ఉన్న పిల్లలకు పనికొస్తుందేమో చూస్తున్నారట. సగం మంది పిల్లలకు అసలు మందు, మిగతా సగానికి అదే రంగులో, అదే తీపితో ఉత్త పానకం. ఎవరి సీసాలో ఏముందో డాక్టరమ్మకే తెలియదట.

"ఇచ్చేటోళ్లకే తెల్వకుంట ఎట్లుంటది?" అని పుష్పమ్మ గొణుక్కుంది. ఆమె కూతురు భాగ్యకు ఆరేళ్లు. పిలిస్తే తిరిగి చూడదు, తల్లిని ఒక్కసారి కూడా "అవ్వా" అనలేదు. ఆ బిడ్డకు దక్కాల్సింది ఇంకెవరికో పోతుందని భయం. అయినా సంతకం పెట్టింది. ఇంకో దారి ఎక్కడుంది?

నెల తిరిగేసరికి, అదే పరీక్షలో ఉన్న తండా మోతీ కొడుకు ప్రకాశ్ దవాఖాన వరండాలో తల్లి కొంగు పట్టుకుని "యాడీ" అన్నాడు. వాళ్ల మాటలో అమ్మా అని. మోతీ ఏడ్చేసింది. పుష్పమ్మ కడుపు మండిపోయింది.

"చూసినవా, అసలుది నీకే ఇచ్చిండ్రు," అంది బస్టాండులో. "రెండు సీసాలు కలిపి చెరి సగం తీసుకుందాం."

మోతీ సంచిలోంచి నీళ్ల చెంబు తీసి, ఒంపేసి, తనే పట్టుకుంది. "నీ బిడ్డ గూడ మాట్లాడాలె గద అక్కా."

రెండు నెలలు అలాగే కలిపారు. భాగ్యలో మార్పు లేదు. మోతీ తన సీసాలోంచి ముందే కొంత దాచుకుంటోందేమోనని పుష్పమ్మకు కొత్త అనుమానం మొదలైంది.

మూడో నెల రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది. "ఇద్దరు పిల్లల్లోనూ మందుంది. కానీ ఉండాల్సిన దాంట్లో సగమే. ఏం చేశారు?"

మోతీ దాచకుండా చెప్పేసింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎవరికో ఫోన్ చేసి ఏ సీసాలో ఏముందో కనుక్కుంది.

"మందున్నది భాగ్య సీసాలో. ప్రకాశ్‌ది మొదటి నుంచీ ఉత్త పానకమే. ఇక ఇద్దరినీ పరీక్షలోంచి తీసేయాలి. మందు మెల్లగా తగ్గించి ఆపుదాం."

"మూడు నెలలు నిండుగ తాగితే నా బిడ్డ మాట్లాడేదా అమ్మా?"

"అది తెలుసుకోవడానికే కదమ్మా ఈ పరీక్ష పెట్టింది."

"గట్లయితే మావోడు మందు లేకుంటనే అన్నడా!" మోతీ కొడుకును ఎత్తుకుని ముద్దాడింది. పుష్పమ్మ మొహం చూసి అంతలోనే నోరు నొక్కుకుంది.

పుష్పమ్మ భాగ్యను దగ్గరికి లాక్కుంది. "నీది ఎవ్వలు గుంజుకోలే బిడ్డా. నేనే పంచిపెట్టిన," అంది.

భాగ్య కిటికీ వైపు చూస్తూనే ఉంది.