కప్పులో దొరికిన పలక

"గుడి చరిత్ర విని నువ్వేం చేస్తావు? టీ చల్లారకుండా చూసుకో, చాలు," అన్నాడు మా ఆయన తొయొహికో, చెప్పులు విప్పి గుడి సభామండపంలోకి పోతూ.

పెళ్ళయి ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఏటా వసంతంలో పండుగకు ముందు మా రేవు గుడి ఊడ్చాను, రాతిమెట్ల మీద నాచు గీకాను, అరవైమందికి అన్నం ముద్దలు చుట్టాను. గుడి చాలా పాతదనీ, ఊరిపెద్దలు కట్టించారనీ మండపంలో అనుకోవడం విన్నాను. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. ఎప్పుడైనా అడిగితే మా అత్తగారు, "మెట్లయ్యాయా?" అని ఎదురడిగేది.

ఆ ఏడు ముసలి పూజారి తప్పుకుని, ఆయన కూతురు సెత్సునో ఆ పనికి వచ్చింది. కప్పు మరమ్మతులో దూలం పక్కన ఒక చెక్కపలక దొరికిందట. దాన్ని గుడ్డలో చుట్టుకుని, మండపానికి కాకుండా నేరుగా మేం ఆడవాళ్ళం పనిచేసే గుడి వంటగదికి వచ్చింది.

"చేతులు తుడుచుకోండి. ముందు మీరే చూడాలి."

పలక మీది రాత చదివి చెప్పింది. ఎప్పుడో తుఫానుకి గుడి కొట్టుకుపోయిందట. చేపల వేటకెళ్ళిన మగవాళ్ళూ తిరిగి రాలేదట. సముద్రంలో మునిగి ఆల్చిప్పలు తీసే ఆడవాళ్ళే అడుగునుంచి రాళ్ళు మోసుకొచ్చి, పునాది వేసి గుడి నిలబెట్టారట. కింద ఇరవైమూడు పేర్లు. ఇసొ, తొమె, షిగె... ఫలానావాడి భార్య అని ఒక్కచోట కూడా లేదు.

"మరి ఊరిపెద్దలు కట్టించారని చెప్తారే ఏటా?" అన్నాను.

సెత్సునో నవ్వింది. "పలక కప్పులో ఉండిపోయింది కదక్కా. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు."

నాచు గీకుతూ విసుక్కున్న ప్రతి రాయీ కళ్ళముందు మెదిలింది. చన్నీళ్ళలో ఊపిరి బిగబట్టి ఎత్తి ఉంటారు వాటిని.

ఈసారి మరమ్మతుకి, గుడికి పనిచేసినవాళ్ళ పేర్లతో కొత్త పలక పెట్టాలి. సెత్సునో కుంచె తడిపి, "మీ పేరు?" అంది.

"తొయొహికో గారి..." నా నోరు అలవాటుగా మొదలుపెట్టింది.

"మిసావో," అంది వెనకనుంచి మా అత్తగారు. "మిసావో అని రాయమ్మా. నాకంటే ముందు దానిదే రాయి. నేను వంకలు పెడుతూ కూర్చున్న ఏళ్ళన్నీ ఆ మెట్లు కడిగింది అది."

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా "ఏమే" అనే పిలిచింది. నా పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

మండపంలోంచి కేక: "టీ ఏదీ?"

నేను లేవలేదు. మా అత్తగారే గొంతెత్తింది: "వచ్చి పట్టుకెళ్ళరా! చేతులకేమైంది?"

వంటగదంతా ఫక్కుమంది. కాసేపటికి మా ఆయన తలుపు దగ్గర నిలబడి, ఎవరినీ చూడకుండా టీకుండ ఎత్తుకున్నాడు.

వెళ్ళేముందు నేనూ అత్తగారూ దేవుడి ముందు నిలబడ్డాం. ఏటా భర్త పేరు చెప్పి, ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం అడిగేదాన్ని. ఆ రోజు ఆనవాయితీ ప్రకారం రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, "నేను మిసావోని. మీ అందరికీ దణ్ణం," అన్నాను. ఆ ఇరవైముగ్గురికీ కలిపి.

పక్కన మా అత్తగారు గొంతు సవరించుకుంది.

"నా పేరు కానె," అంది, ఎనభై నాలుగేళ్ళ వయసులో, కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు.