రాణితిరుగుడు పూలు

పొద్దున్నే కెటిల్ పొయ్యి మీద పెట్టి, అది కూత వేసేలోగా పెరటి తలుపు తీసి పూలెటు చూస్తున్నాయో చూసుకోవడం ఇడా హెపుల్‌కి ఎప్పట్నించో అలవాటు.

ఆ పూల విత్తనాలు వాళ్ళత్తగారు నాటినవి. లండన్‌లో హెన్రియెట్టా రాణి నెత్తిన కిరీటం పెట్టిన ఏడాదే అవి గోడవార మొలిచాయి. అందరిళ్ళలో పొద్దుతిరుగుడు పూలు పొద్దుతో తిరుగుతుంటే, ఇడా పెరట్లోవి మాత్రం రాణి ఎటుంటే అటు తిరిగేవి. రాణి లండన్‌లో ఉంటే దక్షిణంగా బొగ్గుల కొట్టు వైపు చూసేవి. వేసవి చివర ఆవిడ స్కాట్లండ్ వెళ్తే ఉత్తరానికి తిరిగేవి. తలలు తిన్నగా నేలలోకి వంచేశాయంటే, ఆస్ట్రేలియాలో ఉందన్నమాట. ఉత్తర ఇంగ్లండులో గనుల ఊరైన రాస్‌కిల్‌లో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. పోస్ట్‌మాన్ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటి, మన హెట్టీ రాణి ఇంకా అక్కడే ఉందా? ఎండకి నల్లబడిపోతుంది పాపం," అని సైకిలెక్కి పోయేవాడు.

యాభై ఏళ్ళు అలా రాణి జాడ ఎరిగినా, ఇడా ఒక్కసారి కూడా ఆవిణ్ణి కళ్ళారా చూడలేదు. రాణి ఆ చుట్టుపక్కలకి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒకసారి పురుడు, ఒకసారి గనిలో ప్రమాదం, ఒకసారి మొగుడి అంత్యక్రియలు. ఇప్పుడు స్వర్ణోత్సవాల పేరుతో రాణి దేశమంతా తిరుగుతోంది. పడమటనున్న కార్లైల్ నుంచి గుట్ట దాటి, రాస్‌కిల్ వీధి మీదుగానే కారు వెళ్తుందన్నారు. ఆగదట, కానీ మెల్లగా వెళ్తుందట. ఇడాకి అదే పదివేలు. రాత్రంతా నిద్రపట్టలేదు. నీలం కోటు ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి, మధ్యలో రెండుసార్లు లేచి మళ్ళీ ఇస్త్రీ చేసింది.

"ఏమంటున్నారమ్మా నీ ఆస్థాన జ్యోతిష్కులు?" అంటూ గోడ మీద మోచేతులాన్చాడు పక్కింటి విల్ఫ్ స్టాబ్స్.

"పడమటికి తిరిగారు. బయల్దేరినట్టుంది. నువ్వు ముందు ఇంటి ముందు ఆరేసిన ఆ లాగులు తియ్యవయ్యా! వీధంతా జెండాలు కట్టుకుంటే నీ ఇంటి ముందు అవేంటి, దిష్టిబొమ్మల్లా?"

"నా జెండా అదే. ఆరాక తీస్తా."

విల్ఫ్ గని కార్మికుల సంఘానికి ఇరవై ఏళ్ళు కార్యదర్శిగా చేశాడు. గని మూసేశారు గానీ అతని నోరు మూయించినవాడు లేడు. రాణి గీతం వాయిస్తే ఊరంతా లేచి నిలబడినా అతను కూర్చునే ఉండేవాడు. రాజులెందుకు, రాణులెందుకు అని అడగని రోజు లేదు. అయినా ఆ పూలేమంటున్నాయో అడగని రోజూ లేదు.

పదింటికల్లా వీధి కళకళలాడిపోయింది. చర్చి నుంచి మోసుకొచ్చిన బల్లలు వరసగా వేసి, సాసేజ్ రోల్సూ, జెల్లీలూ, పెద్ద గాజుగిన్నెల్లో కేకూ పళ్ళూ మీగడా పొరలుగా పేర్చిన ట్రైఫిలూ సర్దారు. కత్‌బర్ట్ రెయిన్ నడిపే ఊరి బ్యాండు ట్రంపెట్లు తళతళలాడేలా తోముకుని, పొద్దుట్నించీ నేర్చుకుంటున్న ఒక్క పాటనీ మళ్ళీ మళ్ళీ ఊదుతోంది. ఇడా మాత్రం నీలం కోటు తొడుక్కుని పెరట్లోనే నిలబడింది. పూలు కదిలితే వీధిలోకి పరిగెత్తి అందరికీ కబురు చెప్పే పని ఆవిడది.

పూలు కదిలాయి. అయితే కారులో వచ్చే మనిషికి తిరిగినట్టు కాదు. కాసేపు ఇటు, కాసేపు అటు. ఆగాయి. మళ్ళీ వెనక్కి తిరిగాయి. ఇడా గోడ వైపు కేకేసింది.

"విల్ఫ్! ఇలా రా. ఆవిడ నడుస్తోంది చూడు. దారి తప్పినట్టు నడుస్తోంది!"

ఇద్దరూ తలెత్తి గుట్టవైపు చూశారు. గుట్ట కనపడలేదు. తెల్లగా పొగమంచు దిగి, పైనుంచి పాలు ఒలికినట్టు గోడదాకా వచ్చేసింది.

అప్పుడే ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ మోటార్‌సైకిల్ మీద దూసుకొచ్చి తిన్నగా పెరట్లోకి నడిచాడు. మనిషి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, ఇక్కడ పూలున్నాయని చెప్పారు. మంచుకి కారాపాం. కుక్కపిల్లని ఓ రెండడుగులు తిప్పుతానని రాణీగారు దిగారు. అది కుందేలు వెంటపడింది. ఆవిడ దాని వెంటపడ్డారు. అంతే. పిలిచి పిలిచి గొంతులు పోయాయి. పైన పాత గనుల బావులున్నాయటగా?"

"ఉన్నాయి. మూతలు పుచ్చిపోయినవి," అన్నాడు విల్ఫ్. అతని గొంతులో ఎగతాళి లేదు.

ఇడా ఇంకేం వినలేదు. బొగ్గుల బకెట్ దులిపి, పార తీసుకుని, వరసలో పొట్టిగా ఉన్న మొక్కని వేళ్ళతో సహా మట్టిముద్దగా పెకలించి అందులో పెట్టేసింది. నీలం కోటు ముందుభాగమంతా బురద. పువ్వు మాత్రం చలించకుండా మంచులోకి చూస్తోంది.

"నాకివ్వండమ్మా, మావాళ్ళు..." అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీ మనుషులు ఆ బూట్లతో మొదటి ఊబిలోనే దిగబడతారు నాయనా. గుట్ట ఆనుపానులన్నీ ఎరిగినవాడు ఈ ఊళ్ళో ఒక్కడే." ఇడా విల్ఫ్ వైపు తిరిగింది.

విల్ఫ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "రాణి కోసమైతే గుమ్మం కూడా దిగను. చలిలో ఒక ముసలామె తప్పిపోయిందంటే, అది వేరే సంగతి." ఇంట్లోకెళ్ళి టీ ఫ్లాస్కూ, కర్రా తెచ్చుకున్నాడు. గోడ దాటబోతూ ఆగాడు. "ఇడా, ఆవిణ్ణి పట్టుకోవడానికి పువ్వు సరే. దొరికాక? ఇది ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చుంటుంది. ఇంటికి దారెవరు చూపిస్తారు?"

ఇడా ఒక్క క్షణం ఆలోచించి వీధిలోకి కేకేసింది. "కత్‌బర్ట్! నీ బ్యాండుని గుట్టగోడ దగ్గర నిలబెట్టు. మేం వచ్చేదాకా ఊదుతూనే ఉండండి. ఊపిరాడకపోయినా సరే, ఆపకండి!"

మంచులో పది అడుగులు వేసేసరికి ఊరు మాయమైంది. పువ్వు చూపించిన వైపు ఇడా, కర్రతో నేల పొడుస్తూ ఒకడుగు ముందు విల్ఫ్. తడి హెదర్ పొదలు మోకాళ్ళకి కొట్టుకుంటున్నాయి. ఒకచోట పువ్వు తిన్నగా వెళ్ళమంది. విల్ఫ్ కర్ర అడ్డం పెట్టాడు. ఒక రాయి తీసి ముందుకి విసిరితే అది చాలాసేపటిదాకా కింద చప్పుడు చెయ్యలేదు.

"చెయ్యివ్వు," అన్నాడు విల్ఫ్. ఇచ్చింది. గనిబావి చుట్టూ తిరిగివచ్చినా చెయ్యి వదల్లేదు, ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఉన్నట్టుండి బకెట్‌లో పువ్వు నిక్కబొడుచుకుంది. రేకులన్నీ వణికాయి. ఎదురుగా ఒక బండ. దాని మీద తలకి రుమాలు కట్టుకున్న చిన్నపాటి ముసలామె, ఒక కాలికి చెప్పు లేకుండా, ఒళ్ళో తడిసిన కుక్కపిల్లతో కూర్చుని ఉంది. మడమ వాచిపోయింది. వీళ్ళని చూసి చెయ్యి చాచి, చిరునవ్వుతో అడిగింది.

"చాలా దూరం నుంచి వచ్చారా?"

యాభై ఏళ్ళుగా ఎవర్ని చూసినా అడిగే ప్రశ్నే అది. అడిగేశాక ఆవిడకే నవ్వొచ్చింది. ఇడా మాత్రం దారంతా అనుకుంటూ వచ్చినవన్నీ మర్చిపోయి, బకెట్ పట్టుకునే మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఈ పువ్వేంటి, నన్నే చూస్తోంది?"

"కిరీటం పెట్టిన్నాటి నుంచీ మిమ్మల్నే చూస్తోందమ్మగారూ. మా పెరట్లో ఇంకా బోలెడున్నాయి."

"అలాగా." రాణి పువ్వుని చాలాసేపు చూసింది. "అందరూ అంతేలెండి. ఇవాళ పొద్దున, కుక్క వెనక పరిగెత్తి ఈ బండ మీద కూలబడ్డాక, నేనెక్కడున్నానో ఎవరికీ తెలీదు కదా అనిపించింది. ఎంత హాయిగా ఉందనుకున్నారు! కాలు నొప్పి కూడా తెలియలేదు." కాస్త బెరుకుగా అడిగింది. "ఒక్క పావుగంట ఆగి వెళ్దామా?"

విల్ఫ్ పక్కనే కూర్చుని ఫ్లాస్క్ మూతలో టీ పోశాడు. జేబులోంచి కాగితం పొట్లం విప్పాడు. స్టాటీ అనే మందపాటి గుండ్రటి రొట్టెలో పంది మాంసం, బఠాణీ పప్పు ముద్ద. రాణి రెండు చేతులతో పట్టుకుని ఆవురావురుమంటూ తింది. కుక్కపిల్లకీ పెట్టింది.

"ఈయన మీ ఆయనా?" అంది ఇడాతో.

"కాదమ్మగారూ, పక్కింటాయన. మీరంటే గిట్టదు."

"ఆవిడంటే కాదు," అన్నాడు విల్ఫ్ కోపంగా. "ఆ ఉద్యోగమంటే. అమ్మగారూ, మా గనిలో గాడిదచాకిరీ చేసినవాడు కూడా అరవై దాటాక దిగిపోయాడు. మీకేం ఖర్మ? చాలించొచ్చుగా?"

"చాలించొచ్చు. రాజీనామా ఎవరి చేతికివ్వాలో చెప్పండి. దేవుడి పేరు మీద ఒప్పుకున్న పని. ఆయన కార్యాలయం ఎప్పుడూ మూసే ఉంటుంది."

"నాకివ్వండి. ఇరవై ఏళ్ళు కార్యదర్శిగా చేశా. మీకన్నా మొండివాళ్ళవి తీసుకున్నా."

ఇడా మోచేత్తో పొడిచింది. కానీ రాణి నవ్వలేదు. టీ మూత బండ మీద పెట్టి, మంచులోకి చూస్తూ కూర్చుంది. "నేను నిలబడితే అన్నీ నిలబడతాయనుకున్నానండీ," అంది మెల్లగా. "నా కొడుక్కే అరవై దగ్గర పడుతోంది. ఇంకా ఎప్పుడని వాడు అడగడు. నేను చెప్పను." అంతలోనే లేవబోయి, 'అమ్మా' అని కూలబడింది.

"ఎక్కండి," అన్నాడు విల్ఫ్ వీపు వంచి. ఇంగ్లండు రాణి మారుమాట్లాడకుండా పసిపిల్లలా అతని మెడ చుట్టూ చేతులేసి వీపెక్కింది.

దూరంగా, మంచు అడుగునుంచి, బ్యాండు వినిపించింది. రాణి గీతం. కత్‌బర్ట్ మనుషులకి ఊపిరి చాలక స్వరాలు జారుతున్నాయి, అయినా ఆపడం లేదు. విల్ఫ్ పళ్ళు బిగించాడు. ఏ పాటకి జీవితంలో లేచి నిలబడలేదో ఆ పాట పిలిచినవైపే రాణిని మోసుకుంటూ అడుగులేశాడు. "ఇంకోటి నేర్చుకుని చావలేకపోయాడా వీడు!" అని రొప్పుతూ తిట్టాడు. వీపు మీదున్న మనిషి నవ్వాపుకోలేకపోయింది.

"నాకూ విని విని విసుగెత్తిందండీ," అంది అతని చెవిలో.

మంచులోంచి ముగ్గురూ, బకెటూ, కుక్కా బయటపడేసరికి ఊరంతా ఒక్కసారి గొంతెత్తింది. టోపీలు గాల్లోకి లేచాయి. ఇన్‌స్పెక్టర్ గోడ మీద కూర్చుని ఏడ్చేశాడు. తన కారు ఆగదన్న ఊళ్ళో రాణి, ఇడా వంటింట్లో, కాలికి కట్టు కట్టించుకుంటూ గంటసేపు కూర్చుంది. ట్రైఫిల్ రెండోసారి వడ్డించుకుంది. వెళ్ళేటప్పుడు విల్ఫ్‌తో చేతులు కలిపి, "మీకిచ్చినట్టేనండీ," అంది. దేని గురించో ఎవరికీ అర్థం కాలేదు.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం రేడియోలో ఆ కబురు వచ్చింది. హెన్రియెట్టా రాణి సింహాసనం కొడుక్కి అప్పగించి దిగిపోతోందట. రాస్‌కిల్‌లో జనం వీధిలోకి వచ్చి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. విల్ఫ్ ఇడా వంటింట్లోకి వచ్చి కూలబడ్డాడు. "నేనేదో మాటవరసకి అన్నా ఇడా," అన్నాడు తప్పు చేసినవాడిలా.

"ఆవిడ మాటవరసకి ఇవ్వలేదు," అంది ఇడా.

మరుసటి వేసవికి పూలు మామూలుగానే విచ్చుకున్నాయి. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమటికి తిరిగాయి. కొత్త రాజు ఎక్కడున్నాడో వాటికి పట్టలేదు. పోస్ట్‌మాన్ గోడ మీంచి తొంగిచూసి, "హెట్టీ ఎక్కడుందంటావ్?" అని అడిగితే, ఏమో, తెలీదని చెప్పింది ఇడా. చెప్పాక మళ్ళీ ఓసారి పూల వైపు చూసింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. ఇడా తలకి కర్లర్లు చుట్టుకుని, మోచేతులదాకా పిండితో, రొట్టె పిసుకుతోంది. తలుపు చప్పుడైంది. పక్కింటాయనే అనుకుని, "తీసే ఉంది, తోసుకుని రా!" అని అరిచింది.

తలుపు తోసుకుని ఒక చిన్నపాటి ముసలామె లోపలికి వచ్చింది. తలకి రుమాలు. చంకలో కుక్కపిల్ల. చేతిలో బస్సు టిక్కెట్టు.

"అయ్యయ్యో, అమ్మగారూ! చెప్పాపెట్టకుండా వచ్చేశారేంటి! ఇల్లు చూస్తే ఇలా ఉంది, నేను చూస్తే ఇలా..." ఇడా పిండిచేతులతో కర్లర్లు దాచుకోబోయి జుట్టంతా తెల్లగా చేసుకుంది.

హెట్టీ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. అల్లరిపని చేసి దొరకని పిల్లలా కళ్ళు మెరుస్తున్నాయి.

"రెండు బస్సులు మారానండీ," అంది ఆయాసంగా. "ఎవరికీ తెలీదు!"