వాన నీళ్ల వ్యాసం

వాన మొదలవగానే పెరట్లో నాలుగు గాజు గిన్నెలు పెట్టి వచ్చాను. బియ్యం ఏరుతున్న మా అత్తమ్మ కమలమ్మ తలెత్తింది.

"నల్లా బందైందా? గా వాన నీళ్లతోని ఏం వండుతవే?"

"పరీక్ష చేస్త అత్తమ్మా."

"బళ్లె పిల్లలకు పెట్టేటియి సాలలేదా? ఇగ మొగులుకు గూడ పెడుతున్నవా పరీక్షలు!"

నాకూ నవ్వొచ్చింది. నేను జహీరాబాద్ ఆడపిల్లల బడిలో సైన్సు టీచర్ని. మా వీధి చివర శొంఠి తెల్లబడాలని దాన్ని గదిలో పోసి గంధకం పొగ పెడతారు. ఆ పొగ తర్వాత పడిన తొలి వానలో నీలి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడేది. మిగతా వానల్లో రంగు మారేది కాదు. పొయ్యికీ బడికీ మధ్య దొరికిన సమయంలో రెండు వానాకాలాల పాటు ఇదంతా రాసుకున్నాను. కారణం పుస్తకాల్లో వెతికాను. గంధకం కాలిన వాయువూ, గాలిలోని ఓజోనూ పొడిగా ఉన్నంతసేపు పక్కపక్కనే తిరిగినా దాదాపు పలకరించుకోవు. మేఘంలోని నీటి చుక్కలో కరిగాయా, అక్కడ చకచకా చర్య జరిగి గంధకామ్లం పుడుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ ఆ వేగం మళ్లీ తగ్గుతుంది. అది చదివిన రోజు చారులో రెండుసార్లు ఉప్పు వేశాను.

జిల్లా సైన్సు సభకు వ్యాసం పంపుదామంటే, మగపిల్లల బడిలో లెక్కలు చెప్పే మా ఆయన, "నా పేరు మీద పంపుత. మైకు ముంగట నీకు నోరు పెగలదు" అన్నారు. సరే అన్నాను. పదిహేడేళ్లుగా ఆయన ప్రశ్నపత్రాలు నా చేతిరాతతోనే పోతున్నాయి, ఇదెంత? పేరు ఎవరిదైతేనేం, నలుగురికీ తెలిస్తే చాలనుకున్నాను.

ఆయన టైపు చేయించి తెచ్చిన కాగితాల్లో నీటి చుక్క పేరానే లేదు. ఓజోన్ తగలగానే పొగంతా ఆమ్లమైపోతుందని ఉంది.

"గిది తప్పండి. నీటి సుక్క లేంది గట్ల జరగదు."

"పొడుగైందని తీసేసిన. గింత సుక్కకు ఫికర్ ఏంది? ఎవలడుగుతరు?"

అన్నం వడ్డిస్తున్నా ఆ మాటే చెవుల్లో ఉంది. పేరు ఇచ్చేసినప్పుడు కలగని నొప్పి ఇప్పుడు కలిగింది. నేను గిన్నెల్లో పట్టిన రెండేళ్ల వానలు రేపు అందరి ముందూ అబద్ధమైపోతాయి. నా చేతిరాత ప్రతిని సంచిలో పెట్టుకున్నాను.

సంగారెడ్డి సభకు టిఫిన్ డబ్బా మోయడానికి నన్నూ తీసుకెళ్లారు. పేర్లు రాసే బల్ల దగ్గర టైపు కాగితాలు నా చేతిలో పెట్టి, ఆయన అధికారులకు నమస్కారాలు పెట్టడానికి పోయారు. వాటిని సంచిలోకి తోసి, నా ప్రతి తీసి ఇచ్చాను.

"సార్ పేరేంది మేడం?" అని అడిగిన నెరిసిన మీసాల గుమాస్తా, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "మాఫ్ జెయ్యుండ్రి. మా ఇంటామె గూడ నా పేరు వలుకది. మొగని పేరు వలికితే ఆయుష్షు తగ్గుతదట! జర ఈ కలం తీస్కొని రాయుండ్రి."

నేను కలం అందుకోలేదు.

"రాసింది భాగీరథి. అంటే నేనే. చదివేది గూడ నేనే."

గుమాస్తా రాసుకున్నాడు. "మరి సార్?"

పెళ్లయ్యాక మొదటిసారి ఆ పేరు నా నోటితో పలికాను.

"అమర్నాథ్. వినేటందుకు వచ్చిన్రు. వినేటోళ్ల పట్టీల రాసుకోండ్రి."