చెయ్యెత్తని ఎన్నిక

నా రాతలో తప్పులుంటాయి, దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాక, ముసలితనంలో పట్టిన పలక ఇది. ఒక్కో మాటకీ చాలాసేపు పడుతుంది. అయినా ఈ సంగతి నేనే రాయాలి.

కలకత్తా వాట్‌గంజ్ గోదాంలో చిరిగిన బస్తాలు కుట్టే ఆడవాళ్లం మేం. తలకన్నా ఎత్తుగా పేర్చిన బస్తాలు కూలి, మాతో కుట్టే మంగాదేవి కుడిచెయ్యి నలిగిపోయింది. కట్టయినా కట్టించకుండా కంట్రాక్టరు సోమశేఖర్ ఆమెను గేటు బయటికి గెంటించాడు.

మా మేస్త్రిని ఏటా మేమే ఎన్నుకుంటామని పేరు. సోమశేఖర్ కుర్చీలో కూచుని తన మనిషి పాపయ్య పేరు చెబుతాడు, మేం చేతులెత్తుతాం. ఎత్తని చేతికి మర్నాడు సూది దొరకదు.

ఆదివారాలు సాల్ట్ లేక్ నుంచి మాకు చదువు చెప్పడానికి వచ్చే ప్రణతి, జపాను సంగతి చెప్పింది. యుద్ధంలో ఊళ్లు కాలిపోయాక, 1946లో అక్కడి ఆడవాళ్లు మొదటిసారి పార్లమెంటుకు ఓటేశారట. కావలసిన మనిషి పేరు కాగితం మీద తామే రాశారట. ముప్పై తొమ్మిది మంది ఆడవాళ్లు గెలిచారట.

"ఓలమ్మ! ఆళ నెత్తి మీద కంట్రాక్టరు లేడేటి?" అంది నా పక్కన కుట్టే సన్యాసమ్మ.

"చీటీ మడిస్తే ఎవరికీ కనపడదు పిన్నీ" అంది ప్రణతి.

"అయితే మనవూ రాసీదాం. మంగే మేస్త్రి. బస్తాలు నడుం దాటి పేర్చనీదు" అన్నాను.

ఎన్నిక నాడు ఒక్క చెయ్యీ లేవలేదు. సిమెంటు సంచి కాగితాలు చింపి, రాసి, డబ్బాలో వేశాం. సోమశేఖర్ విప్పి చూశాడు. అన్నిటా మంగాదేవే.

"దీనెనక ఎవుల్దున్నాదో ఇప్పుడే తేల్తాది. ఒక్కొక్కర్తీ సుద్దముక్కట్టుకుని తలుపు మీద రాయండి!"

మాకు తట్టని సంగతి అదే. చేతిరాత మనిషిని పట్టిస్తుంది. అయినా వెళ్లి, ఇనుప తలుపు మీద మంగాదేవి అని రాశాను.

"ఆ రాత నాదే బాబూ" అన్నాను.

సన్యాసమ్మ సుద్ద లాక్కుంది. "నీదొక్కదాన్దేనేటే? నాదీని!"

ఇక సుద్ద కోసం తోపులాట. తలుపు నిండిపోయింది.

పోలీసులొచ్చారు. రాసిన మమ్మల్ని వదిలి, గేటు బయటున్న మంగాదేవిని రెచ్చగొట్టిందని పట్టుకుపోయారు. కుడిచెయ్యి వాచిపోయి సంకెల పట్టలేదు. ఎడమచేతికి వేశారు.

పాపయ్య తడిగోనెతో తలుపు తుడిచాడు. పొద్దున్నే మళ్లీ రాశాం. గోదాం మూసేశారు. మంగ వచ్చేదాకా సూది పట్టం. కూలిజనమా, చదువుకునే పిల్లలారా, మా సుద్ద అయిపోయింది. తీసుకురండి.

బొంగు సుగుణ, అరవై మూడేళ్లు. ప్రస్తుతం ఉంటున్నది వాట్‌గంజ్ గోదాం తలుపు ముందు.