రెండు పాయింట్ ఒకటి

ఫోన్‌లో రిపోర్టు వచ్చిన చప్పుడుకు ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం.

"సీఈఏ రెండు పాయింట్ ఒకటి! నార్మల్!" అని హరిప్రసాద్ చిన్నమామ అరిచాడు. మందుల షాపులో పదేళ్లు కూర్చున్నాడు కదా, సిరిసిల్లలో మా వాడకు సగం డాక్టరు తనేనని ఆయన నమ్మకం. మిగతా సగం కూడా తనేనేమోనని అనుమానం.

"అన్నా, నీకు క్యాన్సర్ లేదు. రేపు జగిత్యాల పోవుడు బంద్. గా పైపు పెట్టిచ్చుకునుడేంది, ఇజ్జత్ తీసుకునుడేంది!"

మా మామయ్య బాలకిషన్ ముఖం వెలిగిపోయింది. మూడు నెలలుగా ఆయనకు మలంలో రక్తం పడుతోంది. జగిత్యాల డాక్టరు పేగులోకి కెమెరా పంపి చూడాల్సిందేనన్నాడు. క్యాన్సర్ జాడ చెబుతుందనే ఈ సీఈఏ రక్తపరీక్ష మాత్రం ఏ డాక్టరూ రాయలేదు. చిన్నమామే సొంత తెలివితో చేయించాడు.

అత్తమ్మ కళావతి లడ్డూలు పంచింది. మా ఆయన రవీందర్ తన లడ్డూలో సగం విరిచి నా చేతిలో పెట్టాడు. పెళ్లయి నలభై రోజులు. ఇంకోసారైతే ఆ సగం లడ్డూకే రోజంతా మురిసేదాన్ని. ఇప్పుడు నా చూపంతా ఆ రిపోర్టు మీదే ఉంది. కోరుట్ల కాలేజీలో బయోకెమిస్ట్రీ చదివాను. పేగులో గడ్డ మొదటి దశలో ఉంటే చాలామందిలో ఈ అంకె పెరగనే పెరగదు.

"చిన్నమామా, ఇది నార్మలున్నంత మాత్రాన క్యాన్సర్ లేనట్టు కాదు."

"పుస్తకాలు వేరు బిడ్డా, అనుభవం వేరు."

"అవు మామా. డబ్బా మీద ధర చదివి చెప్పే అనుభవం మా కాలేజీల నేర్పలే."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మగ్గం నేసే మామయ్య వైపు తిరిగాను.

"మామయ్యా, మగ్గం మంచిగ నడుస్తుందని నేసిన బట్ట థాను విప్పకుండనే సేటుకు పంపుతరా?"

"గట్లెట్ల పంపుత? పరిచి జానెడు జానెడు చూడాలె గద!"

"మరి రక్తం పడంగ, లోపల చూడకుంటనే ఇడుస్తరా?"

ఆయన చేతిలోని లడ్డూను తినకుండా తమ్ముడి చేతిలో పెట్టేశాడు.

"కళావతీ, పేగు సాఫ్ అయ్యెతందుకు డాక్టరిచ్చిన పొడి నీళ్లల్ల కలుపు. రవీ, కారుకు ఫోన్ చెయ్యి. రేపు పొద్దుగాల ఐదింటికి జగిత్యాల పోతున్నం. గీ హరిగాన్ని మాత్రం ఎక్కియ్యకుండ్రి."