ఎవరిస్తో పెట్టిన సంతకం

మా తమ్ముడు ఎవరిస్తో అర్థశాస్త్రం ప్రొఫెసరు. అంకెల విషయంలో వాడికి పట్టింపు ఎక్కువ. నేను పది గుడ్లు తెచ్చానంటే, లేచి వెళ్ళి చూసి, తొమ్మిదే ఉన్నాయని చెప్పే రకం. అలాంటివాడు యుద్ధం అయిపోయాక రాజ్యాంగ సభ ఎన్నికల్లో నిలబడతానన్నాడు.

"నీ మొహం! వేదికెక్కి గోధుమల ధరల పట్టిక చదువుతావా?" అన్నాను.

పైకి వెక్కిరించాను గానీ నా భయం వేరు. 1931లో ప్రొఫెసర్లంతా, అప్పుడు మా దేశాన్ని ఏలుతున్న నియంతకు విధేయులమని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలన్నారు. పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఎవరిస్తో వారం రోజులు సరిగ్గా తినలేదు. అమ్మ మంచాన పడి ఉంది, ఇంట్లో పిండి నిండుకుంది. నేనే వాడి చేతిలో కలం పెట్టాను.

"ఆ సంతకమేదో పెట్టి ఏడువు! నీ నీతిని ఉడకేసి అమ్మకు పెట్టమంటావా?"

పెట్టాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నన్ను తిట్టినా బాగుండేది.

ఎన్నికల ముందు మే నెలలో, మా ఊరు మోడెనాలో పెద్ద చర్చి ముందు సభ. వాడు నిజంగానే ధరలతో మొదలుపెట్టాడు. జనంలోంచి ఎర్మెస్ లేచాడు. నియంత పార్టీ కార్డు తీసుకోనన్నందుకు రైల్వే ఉద్యోగం పోగొట్టుకుని, సైకిళ్ళు బాగుచేస్తూ బతికినవాడు.

"అయ్యా ప్రొఫెసరూ, లెక్కలు తర్వాత! కోటుకి నల్లి ఎప్పుడు తగిలించుకున్నావో చెప్పు ముందు!"

నియంత పార్టీ బిళ్ళను మేమంతా నల్లి అనే పిలిచేవాళ్ళం. జనం గొల్లున నవ్వారు. ఎన్నికల పనులు చూసే బారాల్ది ఎవరిస్తో మీదికి వంగి గుసగుసగా, "మీ అమ్మగారి జబ్బు సంగతి చెప్పండి. కరిగిపోతారు," అన్నాడు. వేదిక పక్కనే కూర్చున్న నాకు వినబడింది.

ఎవరిస్తో కళ్ళజోడు తీశాడు.

"1931లో నియంతకు ప్రమాణం చేశాను. ఇంట్లో రెండేళ్ళకు సరిపడా డబ్బుంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. భయపడ్డాను, అంతే."

రెండేళ్ళా! రెండు రోజులకు కూడా లేదు. అంకె తప్పితే నిద్రపోనివాడు, నా కోసం ఊరందరి ముందూ తప్పుడు లెక్క చెప్పాడు. ఈలలు, బూతులు. ఎర్మెస్ నేల మీద ఉమ్మాడు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. కుర్చీ ఎక్కేశాను.

"అబద్ధం! ఇంట్లో గుప్పెడు పిండి లేదు! సంతకం పెట్టించింది నేను! ఉమ్మేదేదో నా మీద ఉమ్ము, ఎర్మెస్!"

ఎర్మెస్ టోపీ తీశాడు. ఎవరో ముసలావిడ చప్పట్లు కొట్టింది, ఆమె వెంట మిగతావాళ్ళూ కొట్టారు. బారాల్ది ముఖం వెలిగిపోయింది. పదిహేనేళ్ళ బరువు దిగిందని నాకూ ప్రాణం తేలికపడింది.

ఇంటికి వెళ్తుంటే వాడు తల వంచుకుని నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు.

"ఏరా, అలా ఉన్నావేం? ఇక గెలిచినట్టేగా!" అన్నాను.

"గెలుస్తానే అక్కా," అన్నాడు. "రెండేళ్ళ మాట అబద్ధమే. కానీ భయపడ్డానన్నది నిజం. నువ్వు కలం ఇవ్వకపోయినా, అమ్మ లేకపోయినా, ఆ సంతకం పెట్టేవాణ్ణి. పదిహేనేళ్ళకు ఇవాళ ధైర్యం చేసి చెప్పాను. ఇక ఎప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు."